అఱువది శాతపు అడ్డుగోడ

ఏటేట పరీక్షా ఫలితములు వెలువడిన పిదప ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేలకొలది గృహములయందు ఒకే ప్రశ్న వినవచ్చుచున్నది. కుమారుడు ఇంజనీరింగు పట్టము పుచ్చుకొనినాడు. మార్కులు మాత్రము తక్కువ. ఇక నేమి చేయవలయును? ఒక్కొక్క తండ్రి దీనిని తన యింటి దురదృష్టముగా నెంచి, పొరుగువారికి తెలియకుండ లోలోపల కుములుచున్నాడు. కాని వేలకొలది యిండ్లలో ఒకే కాలమున ఒకే రీతిగా సంభవించుదానిని దురదృష్టమనుట చెల్లదు. అట్టి దానికి కారణములుండును. ఆ కారణములను వెదకి, చేయదగిన దానిని నిర్ణయించుకొనుట గృహస్థునకును ప్రభుత్వమునకును సమానముగా విధియై యున్నది.

మన విశ్వవిద్యాలయములలో పెక్కింటి నిబంధనల ప్రకారము ఒక సబ్జెక్టునందు నూటికి 40 మార్కులు తెచ్చుకొనినవాడు ఉత్తీర్ణుడు. ఆ విధముగా అన్ని సబ్జెక్టులు గడచినవానికి విశ్వవిద్యాలయము తన ముద్ర వేసి, ఇతడు ఇంజనీరు అని లోకమునకు చాటుచున్నది. అటుపిమ్మట కళాశాలలకు వచ్చి ఉద్యోగులను ఎన్నుకొను పెద్ద సంస్థలలో చాల భాగము, పదవ తరగతి, ఇంటర్మీడియటు, బి.టెక్. ఈ మూడింటను నూటికి 60కి తగ్గని మార్కులున్నవారినే తమ పరీక్షకు కూర్చుండనిచ్చుచున్నవి. విశ్వవిద్యాలయము 40 మార్కులకు తలుపు తెరచుచున్నది. ఉద్యోగము 60 మార్కులకు గాని తలుపు తీయుట లేదు. ఈ రెండు తలుపుల నడుమనున్న ఇరువది మార్కుల నడవలో మన యువకులు వేలకొలదిగా నిలువబడి యున్నారు. వారు ఓడిపోయిన వారు కారు, ఏలయనగా వారిని ఎవరును పరీక్షింపలేదు. పరీక్షకే రానీయలేదు.

ఇందు మఱియొక చిక్కు కలదు. నేడు పెక్కు విశ్వవిద్యాలయములు శాతములకు బదులు పదింటికి ఇన్ని యని సగటు గ్రేడు నిచ్చుచున్నవి. ఆ సగటును పదితో హెచ్చించినచో శాతము వచ్చునని విద్యార్థులు తలంచుచున్నారు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ప్రకటించిన పట్టిక ప్రకారము 6.25 సగటు 55 శాతమునకును, 6.75 సగటు 60 శాతమునకును, 7.25 సగటు 65 శాతమునకును సమానము. అనగా 6.5 సగటు గలవాడు తన లెక్కలో అఱువదిని దాటినాడు, మండలి లెక్కలో దాటలేదు. కొన్ని సంస్థలు 60 శాతమనియు, కొన్ని 6 సగటనియు, కొన్ని విశ్వవిద్యాలయపు సూత్రమే ప్రమాణమనియు ప్రకటించుచున్నవి. ప్రకటనను జాగ్రత్తగా చదువక దరఖాస్తు మానుకొనినవాడును, తప్పు లెక్క వ్రాసి పిదప నియామకమును పోగొట్టుకొనినవాడును, ఇరువురును నష్టపడుచున్నారు. ప్రతి విద్యార్థియు తన విశ్వవిద్యాలయము ఏ సూత్రము నంగీకరించినదో ఆ పత్రమును దగ్గఱ నుంచుకొనుట ముఖ్యము.

ఈ స్థితి యెట్లు దాపురించినదో చూతము. మద్రాసు గిండీయందు 1794లో వెలసిన సర్వే పాఠశాల కాలము నుండి మొదలుకొని, హైదరాబాదున 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయు, 1946లో ఆరంభమై పిదప కాకినాడలో స్థిరపడిన ప్రభుత్వ కళాశాలయు, 1959లో ఓరుగల్లున ప్రాంతీయ కళాశాలయు ఏర్పడు వఱకు, తెలుగువారికి ఇంజనీరింగు విద్య దుర్లభమైన వస్తువు. పట్టము పుచ్చుకొనిన వారు కొలదిమంది. ఆనకట్టలకు, రహదారులకు, విద్యుత్కేంద్రములకు కావలసిన వారు అంతకంటె నెక్కువ. ఆ కాలమున ఉత్తీర్ణత యొక్కటియే చాలినది. మార్కుల పట్టికను ఎవరును పైకి తీసి చూడలేదు.

తరువాత ప్రైవేటు కళాశాలలు ప్రబలినవి. వాని క్యాపిటేషను రుసుముల వ్యవహారము సుప్రీముకోర్టు వఱకు పోయి, 1993లో ఉన్నికృష్ణన్ కేసున తీర్పు వెలువడినది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే యనుట గమనింపదగినది. 2008 ప్రాంతమున నాటి రాష్ట్ర ప్రభుత్వము బోధనా రుసుములను తానే చెల్లించు పథకమును విస్తరించినది. దానివలన కూలివాని కొడుకును, చేనేతవాని కూతురును ఇంజనీరింగు తరగతిలో కూర్చుండగలిగినారు. ఇది చిన్న మేలు కాదు. దానిని తక్కువచేసి మాటలాడుట అన్యాయము. కాని ఆ పథకపు ధనమును చూచికొని కళాశాలలు పుట్టగొడుగులవలె లేచి, అవిభక్త రాష్ట్రమున వాని సంఖ్య ఏడువందలకు చేరువైనది. సీట్లు పెరిగిన వేగముతో ఉపాధ్యాయులు పెరుగలేదు. ప్రయోగశాలలు కాగితముపై వెలసినవి. భవనము పూర్తి కాకమునుపే తరగతులు నిండినవి. 2024–25 విద్యాసంవత్సరము నుండి మంచి స్థాయి గల కళాశాలలకు ఒక్కొక్క శాఖయందు సీట్ల గరిష్ఠ పరిమితిని మండలి తొలగింపగా, కంప్యూటరు శాఖవైపు ప్రవాహము మఱింత హెచ్చినది.

సరకు కొఱతగా నున్నప్పుడు కొనువాడు నాణెమును పరికింపడు. సరకు గుట్టలుగా పడియున్నప్పుడు జల్లెడ పట్టును. పట్టము విషయమునను జరిగినది ఇదియే. విశ్వవిద్యాలయపు ముద్రపై నమ్మకము సడలినది. ఆ ముద్ర చెప్పవలసిన మాటను సంస్థలు అఱువది యను అంకెచే తామే చెప్పుకొనుచున్నవి. కావున ఈ గోడను కట్టినది సంస్థలే యైనను, దానికి ఇటుకలు మోసినవారు కళాశాలల యాజమాన్యములును, వానిని పరికింపవలసియుండి కన్నులు మూసికొనిన అధికారులును.

సంస్థల పక్షమునను ఒక వాదము కలదు. దానిని న్యాయముగా నెత్తి చూపవలయును. వందల ఉద్యోగములకు లక్షల దరఖాస్తులు వచ్చునప్పుడు ప్రతివానిని పిలిచి పరీక్షించుట సాధ్యము కాదనియు, ఏదో యొక గీత గీయక తప్పదనియు, నాలుగేండ్లు శ్రద్ధగా చదివినవాడు పనియందును శ్రద్ధ చూపుననియు వారనుచున్నారు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఒక సెమిస్టరున ఆఱు సబ్జెక్టులు తప్పినవాడు కేవలము దైవమును నిందించిన లాభము లేదు. అలసత్వమునకు మేము వకాల్తా పుచ్చుకొనలేము.

అయినను ఆ గీత కొలుచునది యేమి? పదునాఱేండ్ల వయస్సున వ్రాసిన పరీక్ష ఇరువదిరెండేండ్ల వయస్సునను వెంటాడుచున్నది. పల్లెటూరి తెలుగు మాధ్యమ పాఠశాలనుండి వచ్చిన బాలుడు మొదటి సంవత్సరమంతయు ఆంగ్ల వాక్యములతో పెనగులాడి, గణితము తెలిసియు ప్రశ్న తెలియక తప్పుచున్నాడు. మూడవ సంవత్సరమునకు వాడు నిలదొక్కుకొనినను, మొదటి సంవత్సరపు తఱుగు సగటునందు చివర వఱకు మిగిలియుండును. ఇక గూగుల్ సంస్థయందు ఉద్యోగుల వ్యవహారములకు అధిపతిగా నుండిన లాస్లో బాక్ 2013లో పత్రికా సంభాషణయందు, తమ సంస్థ లెక్కలు తీసి చూడగా కళాశాల మార్కులకును పనిలోని సామర్థ్యమునకును సంబంధము కనబడలేదని చెప్పినాడు. అప్పుడే కళాశాల విడిచిన వారి విషయమున మాత్రము స్వల్ప సంబంధము కలదని కూడ ఒప్పుకొనినాడు. ఆ స్వల్ప సంబంధమును సంపూర్ణ నిషేధముగా మార్చుటయే మన సంస్థలు చేయుచున్న తప్పు.

మార్కులను గాక పనిని చూచిన పెద్దలు మన దేశమునను ఉండిరి. శ్రీనివాస రామానుజన్ గణితమున తప్ప తక్కిన సబ్జెక్టులలో తప్పి, కుంభకోణమునను మద్రాసునను రెండు కళాశాలలలో ఎఫ్.ఏ. పరీక్షను గట్టెక్కలేకపోయినాడు. నేటి గీత ప్రకారము ఏ సంస్థయు అతని దరఖాస్తును తెరచి చూడదు. అతడు తన నోటుపుస్తకమును చంకబెట్టుకొని పెద్దల యిండ్లకు తిరిగినాడు. నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహదూరు రామచంద్రరావు ఆ పుస్తకమును చూచి, కొంతకాలము తన ధనముతో పోషించినాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టున నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరకినది. ఆ ట్రస్టునకు అధ్యక్షుడైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇంజనీరు. అతడును ఆ గుమాస్తాకు చేయూతనిచ్చినాడు. తక్కువ మార్కులు తెచ్చుకొనిన ప్రతివాడును రామానుజనుడని చెప్పుట మా యుద్దేశము గాదు. చూపుటకు ఒక నోటుపుస్తకముండుటయు, దానిని తెరచి చూచు పెద్దమనిషి యుండుటయు, ఈ రెండును కలిసినప్పుడే మార్కుల పట్టిక వెనుకకు పోవునని మాత్రము చెప్పుచున్నాము.

కాలము కూడ ఇప్పుడు యువకులకు అనుకూలముగా లేదు. 2023–24 ఆర్థిక సంవత్సరమున టాటా కన్సల్టెన్సీ, ఇన్ఫోసిస్, విప్రో ఈ మూడు సంస్థలలో కలిపి ఉద్యోగుల సంఖ్య సుమారు 64000 తగ్గినది. 2025లో టాటా కన్సల్టెన్సీ మఱి సుమారు 12000 మందిని తొలగింప నిశ్చయించినట్లు ప్రకటించినది. ఉద్యోగములు తగ్గుచున్న కొలది జల్లెడ కన్నము సన్నమగును. అఱువది శాతమున్నవారికే కష్టమైన చోట తక్కువ వారి గతి యేమని తండ్రులు భయపడుటలో వింత లేదు.

ఈ భయమును పెట్టుబడిగా చేసికొని బ్రదుకు వారు బయలుదేరినారు. వారిని గూర్చి మన గృహస్థులను గట్టిగా హెచ్చరింపవలసి యున్నది. లక్షలు తీసికొని దొడ్డిదారిని ఉద్యోగ మిప్పింతుమనువారు కొందఱు. చేయని పనికి మూడేండ్ల అనుభవ పత్రములు వ్రాసి యిచ్చువారు కొందఱు. విద్యార్థి చేయవలసిన ప్రాజెక్టును కట్టగట్టి అమ్మువారు మఱికొందఱు. నేడు పెద్ద సంస్థలు నియామకమునకు పిదపనైనను పూర్వోద్యోగమును, భవిష్యనిధి ఖాతాను విచారించుచున్నవి. అబద్ధపు అనుభవము బయటపడిన నాడు ఉద్యోగము పోవుటయే గాక, పేరు కూడ చెడును. తక్కువ మార్కులు కాలక్రమమున మఱపునకు వచ్చును. దొంగపత్రము మాత్రము ఏనాటికిని మఱపునకు రాదు. ఉద్యోగ మిచ్చుటకు ముందు ధనము అడుగువాడు ఉద్యోగ మిచ్చువాడు కాడని ప్రతి తండ్రియు తలుపుపై వ్రాసికొనవలయును.

పొలమమ్మి కుమారుని అమెరికాకు పంపినచో తక్కువ మార్కుల దోషము తీరునని తలంచువారు మన జిల్లాలలో పెక్కుమంది. సద్విద్యకై పోవువారిని మేము వారింపము. కాని ఇచ్చట మంచి కళాశాలలో సీటు దొరకనివానిని చేతులు చాచి పిలుచు విద్యాలయమేదో ముందుగా విచారింపవలదా? 2011లో కాలిఫోర్నియాయందలి ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయము వీసా మోసము క్రింద మూతపడగా, అందు చిక్కుకొనిన విద్యార్థులలో హెచ్చుమంది తెలుగువారు. 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయ మను పేర అమెరికా అధికారులే పన్నిన వలలో సుమారు 130 మంది విద్యార్థులు నిర్బంధింపబడగా, వారిలోను మనవారు అనేకులు. 2025 సెప్టెంబరున అమెరికా అధ్యక్షుని ప్రకటనచే వెలుపలి దేశములనుండి పిలిపించుకొను ఉద్యోగులకై చేయు కొత్త హెచ్-1బి అభ్యర్థనలకు లక్ష డాలర్ల రుసుము విధింపబడినది. రెండెకరముల మాగాణి ఒకసారి చేయి జాఱినచో మరల రాదు. ఆ ఋణభారమునకు తగిన ఫలము కలదో లేదో, ఏజెంటు మాటపై గాక కాగితముపై లెక్క వేసి చూచుకొనుట మంచిది.

ఇంతకును అఱువదికి లోబడినవానికి తెరచియున్న తలుపులు లేవా? కలవు, వానిని మనవారు తగినంతగా తట్టుట లేదు. యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను జరుపు ఇంజనీరింగు సర్వీసుల పరీక్షకు కావలసినది ఇంజనీరింగు పట్టము. ఇంత శాతమను గీత లేదు. సాధారణ వయఃపరిమితి 21 మొదలు 30 ఏండ్ల వఱకు. స్టాఫ్ సెలెక్షను కమిషను, రైల్వే నియామక మండలులు జరుపు జూనియరు ఇంజనీరు పరీక్షలకును శాతపు గీత లేదు. రాష్ట్రములయందలి సహాయ ఇంజనీరు పరీక్షలును అట్టివే. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయములకై లక్షకు మించిన ఉద్యోగములు ప్రకటింపబడినప్పుడు, ఇంజనీరింగు సహాయకులను వ్రాతపరీక్షచే ఎన్నుకొనిరి. కళాశాలలో ఎన్ని మార్కులని యడిగినవారు లేరు. నాలుగేండ్ల పూర్వకథను ప్రక్కకు నెట్టి, నేడు నీకేమి తెలియునని అడుగు పరీక్ష, తక్కువ మార్కులవానికి ధర్మాసనము వంటిది.

గేటు పరీక్షను గూర్చి మాత్రము ఒక భ్రమ తొలగింపవలయును. ఆ పరీక్షకు కూర్చుండుటకు శాతపు గీత లేకున్నను, దానిద్వారా ఉద్యోగుల నెన్నుకొను ప్రభుత్వరంగ సంస్థలు చాలవఱకు పట్టములో 60 గాని 65 గాని శాతము కోరుచున్నవి. కావున గేటు ర్యాంకుచే ఆ సంస్థల ఉద్యోగమే లభించునని నమ్మి సంవత్సరములు గడుపుటకు మునుపు, ఆయా ప్రకటనలలోని అర్హతను చదివి చూచుకొనవలెను. గేటుద్వారా మంచి విద్యాలయమున ఎం.టెక్. చేసినవానికి కొత్త మార్కుల పట్టిక, కొత్త గురువులు లభింతురు. అది వేఱు లాభము. అచ్చటను ప్రవేశార్హతను ముందుగా చూచుకొనుట అవసరమే.

1961 నాటి అప్రెంటిసుల చట్టమును 1973లో సవరించి పట్టభద్ర ఇంజనీర్లను కూడ అందు చేర్చిరి. ఒక సంవత్సరము కర్మాగారమున పని నేర్చుకొనుచు భృతి పొందవచ్చును. 2019 నియమములు పట్టభద్రునకు నెలకు కనీసము 9000 రూపాయలుగా నిర్ణయించినవి. భృతి స్వల్పమే, కాని సంవత్సరాంతమున చేతికి వచ్చు అనుభవము నిజమైనది, విచారణకు నిలుచునది. కొనుక్కొనిన పత్రమునకును దీనికిని గల భేదమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

పెద్ద సంస్థల పేర్లపై గల మోజు కూడ తగ్గవలయును. బాలానగరు, జీడిమెట్ల కర్మాగారములును, విజయవాడ ఆటోనగరును, విశాఖ పరిసరములును, శ్రీసిటీయును ఇంజనీర్ల పనితోనే నడచుచున్నవి. ఏబది మంది పనివారు గల యజమాని మార్కుల పట్టిక అడుగుటకంటె, ఈ యంత్రము ఎందుకు ఆగినదో చెప్పుమని అడుగును. అట్టివానియొద్ద రెండేండ్లు పనిచేసిన వాని దరఖాస్తులో మొదటి పంక్తి మార్కులు కాదు, చేసిన పని. కంప్యూటరు శాఖవారు కూడ తాము స్వయముగా వ్రాసి నడపిన ప్రోగ్రామును చూపగలిగినచో చిన్న సంస్థలు తలుపు తీయుచున్నవి. జోహో సంస్థ 2005 నుండి తమిళనాట పాఠశాల నడపి, ఇంటర్మీడియటుతో సమానమైన చదువు ముగించిన పిల్లలను చేర్చుకొని, భృతి నిచ్చి నేర్పి, పనిలోనికి తీసికొనుచున్నది. పట్టమే లేనివానికి పని నేర్పుట సాధ్యమైనప్పుడు, 55 శాతముతో పట్టమున్నవానికి నేర్పుట అసాధ్యమనుట వట్టి మాట.

ప్రభుత్వముల కర్తవ్యమును గూర్చి రెండు మాటలు. మార్కులు చూడని వ్రాతపరీక్షయే ఈ యువకులకు మిగిలిన న్యాయస్థానమని చెప్పితిమి. ఆ న్యాయస్థానమే అమ్ముడుపోయిన నేమి కావలయును? 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను ప్రశ్నపత్రములు బయటికి పొక్కగా, సహాయ ఇంజనీరు పరీక్షయు, అసిస్టెంటు ఎగ్జిక్యూటివు ఇంజనీరు పరీక్షయు రద్దు చేయబడినవి. అప్పటికి సంవత్సరములకొలది అద్దె గదులలో నుండి చదివిన వారి శ్రమ ఒక్క దినమున నీట గలిసినది. కంచెయే చేను మేసిన నిక కాపెవరు? ఏటేట నియత కాలమున ప్రకటన, గోప్యముగా పరీక్ష, గడువులోపల నియామకము, ఈ మూడును దయాధర్మము క్రింద అడుగవలసినవి కావు, పౌరుల హక్కు. బోధనా రుసుముల బకాయిల పేర కళాశాలలు విద్యార్థుల సర్టిఫికెట్లను నిలుపుటయు ఆగవలయును. ప్రభుత్వమునకును యాజమాన్యమునకును గల అప్పునకు విద్యార్థి తాకట్టు వస్తువు గాడు.

విశ్వవిద్యాలయములు తమ ముద్ర విలువను తామే కాపాడుకొనవలయును. 40 మార్కుల పట్టభద్రుడు ఇంజనీరు కాడని వారు భావించినచో ఆ మాట మొదటి సంవత్సరముననే చెప్పి, వానికి అదనపు బోధన నీయవలయును. ఇంజనీరే యని భావించినచో ఆ మాటను సంస్థలయెదుట నిలిచి చెప్పవలయును. రుసుము పుచ్చుకొనునప్పుడు ఒక మాట, ఉద్యోగము వేళ మౌనము తగదు. సంస్థలకు మేము చేయు సూచన ఒక్కటే: ముందు పరీక్ష పెట్టుడు, పిదప మార్కులు చూడుడు. కంప్యూటరుపై పరీక్ష లక్షమందికి పెట్టుట నేడు కష్టము గాదు; ఆ కంప్యూటర్లను నడపుటయే మీ వృత్తి గదా.

యువకునితో చివరి మాట. నీ మార్కులు గడచినవి. వానిని దాచవలదు, వానికై ఏడ్వవలదు. అడిగినవారికి ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఇప్పుడు నీకు వచ్చిన పనిని చూపుము. చూపుటకు పని లేనిచో నేడే మొదలుపెట్టుము. తండ్రితో చివరి మాట. కొడుకును గదిలో మూసి బంధువుల యెదుట సిగ్గుపడుట మాని, వానికి ఒక సంవత్సరపు తిండి, గడువు, ధైర్యము నిచ్చినచో, పొలమమ్మి యిచ్చిన దానికంటె నెక్కువ యిచ్చినవాడవగుదువు. ఈ దేశమున కాలువలు పూడియున్నవి, వంతెనలు బీటలువాఱియున్నవి, పల్లెలకు త్రాగునీరు చాలకున్నది. ఇంత పని మిగిలియున్న దేశము తన ఇంజనీర్లకు పని లేదనుచున్నంత కాలము, తప్పిన పరీక్ష ఆ యువకులది మాత్రమే యని మేము నమ్మజాలము.